గోలకొండ దుర్గము: దాని తెలుగు సాక్ష్యములు

హైదరాబాదునందలి చార్మినారునకు పడమట సుమారు 11 కిలోమీటర్ల దూరమున గోలకొండ దుర్గము కలదు. దీని పేరు వినని తెలుగువాడు లేడు. చూచినవారును లెక్కకు మిక్కిలి. పాఠశాలల పండితులు విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చి, ఫతే దర్వాజా మీదుగా లోనికి బోయి, బాలాహిస్సారు వాకిటి గుమ్మటము క్రింద చప్పట్లు చఱిచి, కొండ యెక్కి, రామదాసు చెఱసాలను చూచి సాయంకాలమునకు మఱలిపోవుట వాడుకయై యున్నది. దారి చూపువారు చెప్పు కథలు వినుటకు ఇంపుగనే యుండును. కాని మఱునాడు తరగతిలో ఆ కథలే చరిత్రయై కూర్చుండుచున్నవి. అంతకంటె నాకు చింత గలిగించు విషయము వేఱొకటి కలదు. గోలకొండ చరిత్ర యంతయు పారసీక తవారీఖులలోనే యున్నదనియు, తెలుగు పండితునకు అందు రామదాసు కథ తప్ప పని లేదనియు మనలో ననేకులు తలచుచున్నారు. ఈ తలపు సరియైనది కాదని, చూచిన స్థలములను బట్టియు చదివిన గ్రంథములను బట్టియు నిందు నివేదించుచున్నాను.

దుర్గమును చూడబోవువారు ముందుగా దుర్గమునకు వెలుపల నున్న యొక చెఱువును చూడవలెను. అది దుర్గము చెఱువు. కోటకు ఉత్తరమున సుమారు 5 కిలోమీటర్ల దూరమున, మాదాపురము, రాయదుర్గము అను గ్రామముల నడుమ, పెద్దపెద్ద గుండ్ల మధ్య నున్నది. ఇప్పు డా గ్రామములు గ్రామములు కావు. 1998 నవంబరు 22వ తేదీని సైబర్ టవర్స్ అను భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది మొదలు ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ యను పేరు వచ్చినది. 2020వ సంవత్సరమున చెఱువుమీదుగా ఇనుప త్రాళ్లతో వ్రేలాడు వంతెన నిర్మింపబడినది. రాత్రివేళ రంగురంగుల దీపములతో వెలుగు నా వంతెనమీద నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనువారిలో, కుతుబుషాహీల కాలమున గోలకొండ కోటలోని జనులు త్రాగిన నీరు ఈ చెఱువు నీరేయని యెఱిగినవారు కొలదిమంది. ఆ నీరు మట్టి గొట్టముల ద్వారా కోటకు చేరుచుండెను. కోటలోపల నొక తొట్టినుండి మఱియొక తొట్టికి, రాట్నములతో, మెట్టు మెట్టుగా నీటిని కొండమీదికి ఎక్కించుచుండిరి. ఆ తొట్లును, గోడల సందులలో మట్టి గొట్టముల ముక్కలును నేటికిని కనబడును.

ఈ చెఱువు పేరే యొక చిన్న వివాదమునకు చోటిచ్చుచున్నది. గోలకొండ దుర్గమునకు నీరిచ్చుటచే దుర్గము చెఱువయ్యెనని యొక పక్షము. ప్రక్కనున్న రాయదుర్గ గ్రామముయొక్క చెఱువగుటచే పూర్వపదము లోపించి దుర్గము చెఱువయ్యెనని వేఱొక పక్షము. 'దుర్గము' అనగా చొరరానిదని వ్యుత్పత్తి గనుక, గుండ్ల మాటున నున్న చెఱువునకు ఆ పేరు చెల్లునని మూడవ పక్షము. ఈ మూడవది పండితుల యూహ. జనులు చెఱువులకు పేర్లు పెట్టునపుడు వ్యుత్పత్తిని విచారింపరు. మొదటి రెండింటిలో రెండవదియే నాకు బలవత్తరముగా తోచుచున్నది. చెఱువును ఊరి పేరుతో పిలుచుట మన దేశమున సర్వసాధారణము. అయినను ఆ రాయదుర్గమునకు 'దుర్గము' ఎట్లు వచ్చెనను ప్రశ్న మిగులును. 'రాయి' అను శబ్దము సమాసమున పూర్వపదమైనపుడు 'రాతి' యనియో 'రా' యనియో నిలుచును గాని 'రాయ' యని నిలువదు. కావున 'రాజుగారి దుర్గము' అనియే యర్థము చెప్పవలెను. ఏ రాజు దుర్గమో చెప్పు శాసనము నా కంట బడలేదు. సమీపముననున్న గచ్చిబౌలి యను పేరునందు ఇట్టి చిక్కు లేదు. 'గచ్చు' పారసీకమునుండి వచ్చి తెలుగింటి నేలలకు ఎక్కిన మాట; 'బౌలి' యనగా మెట్లబావి. గచ్చుతో కట్టిన బావి గల యూరు గచ్చిబౌలి. సున్నపు పనివారును నీటిపనివారును ఏ పేర్లతో తమ పనిని పిలుచుకొనిరో ఆ పేర్లే యూళ్లయి, నేడు వేలకొలది యుద్యోగుల చిరునామాలయినవి.

ఇక దుర్గమునకు పోదము. కొండ సుమారు 400 అడుగుల యెత్తు. దానిచుట్టును మూడు వరుసల ప్రాకారములు. వెలుపలి ప్రాకారమునకు 87 బురుజులును 8 ద్వారములును గలవని లెక్క. ప్రాకారమును పరికించువారికి మొదట తెలియవలసినది, ఇందు సగము పని ప్రకృతిదియే యనుట. ఎక్కడ పెద్ద గుండు దొరకెనో అక్కడ దానినే గోడగా గ్రహించి, రెండు గుండ్ల నడుమనే చెక్కిన రాళ్లు పేర్చిరి. కొన్ని తావుల గుండెక్కడ ముగిసెనో గోడ యెక్కడ మొదలయ్యెనో తేలికగా తెలియదు. హైటెక్ సిటీ కట్టడములకొఱకు పగులగొట్టిన గుండ్లును ఈ జాతివే. ఒకరు గుండును గోడ చేసికొనిరి. ఒకరు గుండును తొలగించి గోడ కట్టిరి.

బాలాహిస్సారు వాకిటి కమానుకు పైని ఇరుప్రక్కల సున్నముతో తీర్చిన సింహాకృతులు కలవు. ఈ ప్రాంతపు దేవాలయ ద్వారముల నెఱిగినవారికి ఈ పని పరిచితమైనదిగనే తోచును. ఈ వాకిటి గుమ్మటము క్రింద చఱిచిన చప్పట్లు కొండ శిఖరమున వినబడుట నిజము. గుమ్మటపు వంపు ధ్వనిని చెదరనీయక ప్రోగుచేసి పైకి త్రిప్పుచున్నది. నడుమ నడ్డము లేకుండునట్లు కట్టడముల నమర్చినారు. వాకిటి కావలివారు రాజునకు వార్త తెలుపుటకే యిట్లు చేసిరని చెప్పుదురు. ఇందు వింత గలదు గాని మాయ లేదు. కోటనుండి చార్మినారునకు సొరంగమున్నదను కథకు మాత్రము ఇట్టి తార్కాణము చూపువా రెవరును మాకు తారసిల్లలేదు. వజ్రముల మాటయు నిట్టిదే. గోలకొండ కొండలో వజ్రములు పుట్టలేదు. అవి కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులలో దొరకి, ఇచ్చట అమ్మకమునకు వచ్చుచుండెను. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దిలో ఈ వర్తకమును స్వయముగా చూచి వ్రాసియున్నాడు.

దుర్గనామమును గూర్చి జనశ్రుతి యిది: ఒక గొల్లపిల్లవానికి ఈ కొండపై విగ్రహ మొకటి దొరకగా, కాకతీయ ప్రభువు విని మట్టికోట కట్టించెను, అందుచే గొల్లకొండ యయ్యెను. విగ్రహము మాట యటుండగా, 'గొల్ల' శబ్దమును కొట్టివేయుటకు కారణము లేదు. గుండ్ల నడుమ పచ్చిక గల యీ ప్రాంతము మందలకు తగినది. కొండ శిఖరమునకు సమీపమున గుండ్ల మఱుగున నమ్మవారి గుడి నేటికిని కలదు. ఆషాఢమాసమున హైదరాబాదునందలి బోనాల పండుగ ప్రతియేటను మొదలగునది గోలకొండ జగదంబ యెదుటనే. రాజులు మాఱిరి, ఈ మొదలు మాత్రము మాఱలేదు.

కాకతీయ రాజ్యము 1323లో పడిపోయిన పిమ్మట ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును మఱల సాధించెను. కాని బహమనీ సుల్తానగు మొదటి మహమ్మదుషాతో పొసగక, 1363 ప్రాంతమున గోలకొండను అతనికి విడువవలసి వచ్చినది. అది మొదలు ఈ కొండ బహమనీల కోట. ఆ వంశము క్షీణించుకాలమున తెలంగాణమునకు అధికారియై వచ్చిన సుల్తాన్ కులీ కుతుబుల్ముల్కు రాతికోటను కట్ట నారంభించెను. 1518లో నితడు స్వతంత్రుడయ్యెనని మన పాఠ్యగ్రంథములు వ్రాయుచున్నవి. ఇక్కడ రాయి వేఱుమాట చెప్పుచున్నది. బాలాహిస్సారు వాకిటికి సమీపమున సుల్తాన్ కులీ కట్టించిన జామా మసీదు కలదు. దాని శాసనము హిజరీ 924, అనగా సరిగా 1518వ సంవత్సరమునాటిదే. అందు రాజుగా పేర్కొనబడినవాడు బహమనీ మహమూదుషా. కట్టించినవాడు మాత్రమే సుల్తాన్ కులీ. స్వాతంత్ర్యము ప్రకటించినవాడు అదే సంవత్సరమున తన మసీదుమీద పరప్రభువు పేరు చెక్కించునా? అధికారము చేతికి వచ్చినను పేరునకు విధేయుడుగ నుండెననుటయే యుక్తము. పాఠము చెప్పువారు ఈ యొక్క సంవత్సరమును సవరించి చెప్పిన చాలును. ఆ మసీదులోనే 1543లో ప్రార్థన చేయుచుండగా ఆ వృద్ధుడు చంపబడెను. ఆ హత్య కుమారుడగు జంషీదు ప్రేరణచే జరిగినదని చరిత్రకారులు వ్రాసిరి.

జంషీదునకు వెఱచి పాఱిపోయిన తమ్ముడు ఇబ్రహీము. అతడు విజయనగరమున అళియ రామరాయల యండను ఏడేండ్లుండి, 1550లో మఱలి వచ్చి, తెలుగు నాయకవాడులలో ముఖ్యుడగు జగదేవరావు సహాయముచే సింహాసన మెక్కెను. ఆ రామరాయలే 1565లో రాక్షసి తంగడి యుద్ధమున ఇబ్రహీము మొదలగు సుల్తానుల కూటమిచే హతుడగుట మన మెఱిగినదే. ఆశ్రయమిచ్చినవానిపై కత్తి యెత్తినవాడు విజయనగరమునుండి వెంట తెచ్చుకొన్నది తెలుగుపై నభిమానము. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును ఇబ్రహీమునకే అంకితమిచ్చెను. తెలుగుకవుల చేతిలో మలిక్ ఇబ్రహీము 'మల్కిభరాముడు' అయినాడు. పేరును ఛందస్సున కిముడ్చుటయే కాదు; సంస్కృతమున 'ఇభ' మనగా ఏనుగు, వెనుక 'రాముడు' సిద్ధముగానే యున్నాడు. పారసీక నామము నోట తిరుగక చెడినదని వెక్కిరించువారు, ఇది యెంత తెలిసి చేసిన చమత్కారమో యోచింపవలెను.

అంతకంటె విశేషమైన గ్రంథము గోలకొండలో గాక, నేడు పటాన్‌చెరు అనబడు పొట్లచెఱువునందు పుట్టినది. అక్కడి యధికారియగు అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. అచ్చతెలుగున వెలసిన మొదటి కావ్యము ఇదియే యని మన సారస్వత చరిత్రకారుల యంగీకారము. సంస్కృతసమము, తద్భవము నెట్టివో పాఠశాలలో బోధించువారు, ఆ విభాగమును కావ్యమునకే నియమముగా గైకొన్న మొదటి ప్రయత్నము ఒక మహమ్మదీయ ప్రభువు కోరికపై, ఈ హైటెక్ సిటీకి కొలది దూరముననే జరిగెనని బాలురకు చెప్పుచున్నారా? నేను విన్నంతలో లేదు. సంస్కృతమునకు దూరమైన తెలుగు ఆ ప్రభువునకు సులభగ్రాహ్యమై యుండునని కొందఱూహింతురు. అచ్చతెలుగు కావ్యము చదివినవా రీ యూహను నమ్మరు. అందలి పదములు పండితులకే నిఘంటువును తెఱిపించును.

17వ శతాబ్దిలోను ఈ సంబంధము తెగలేదు. క్షేత్రయ్య తా నాదరింపబడిన యాస్థానములను చెప్పుకొనుచు మధుర, తంజావూరులతోపాటు గోలకొండను పేర్కొనెను. కడపటి కుతుబుషాహీల ఫర్మానులలో పారసీకముతోపాటు తెలుగును వ్రాయబడుచుండెను; గ్రామమున కరణమునకు అర్థము కాని యుత్తరువు చెల్లదు గదా.

ఇన్నిటిలోను రాతిమీది సాక్ష్యము మూసాబురుజు. 1656లో ఔరంగజేబు తండ్రి షాజహాను పంపున వచ్చి కోటను ముట్టడించి, సంధిచే మఱలిపోయెను. ఆ భయముననే అబ్దుల్లా కుతుబుషా కోటకు తోడుగా నయాకిల్లా యను క్రొత్తకోటను చేర్పించెను. అతని సేనాధిపతియగు మూసాఖాను వెలుపలి ప్రాకారమున కట్టించిన బురుజునకు ఆతని పేరే నిలిచినది. 1666 నాటి దానిమీద పారసీకమునను తెలుగునను శాసనములు గలవు. దానిని కట్టిన శిల్పి ధర్మాచారి. శత్రువు ఫిరంగులు గురిపెట్టు బురుజు, రాజ్యపు ప్రాణమును కాపాడు బురుజు, తెలుగు శిల్పి చేతికప్పగింపబడి, తెలుగున శాసనము పొందినది. కోట చూడవచ్చువారు బాలాహిస్సారు మెట్లెక్కి దిగుటతోనే సరిపుచ్చుకొనుటచే ఇటువైపునకు వచ్చుట యరుదు.

రామదాసు మాట చెప్పక విడిచితినేని పాఠకులు నన్ను క్షమింపరు. కొండయెక్కు దారిలో చీకటిగా, ఇఱుకు ద్వారముతో నున్న యొక కట్టడమును రామదాసు బందిఖానా యని చూపుదురు. గోడమీద సీతారామలక్ష్మణుల యొక్కయు హనుమంతుని యొక్కయు రూపములు చెక్కబడి యున్నవి. రామదాసే చెక్కెనని చెప్పుదురు. కట్టడపు తీరు చూడ నది మొదట ధాన్యమో ధనమో దాచుటకు కట్టిన కొట్టుగా తోచును. కొట్టు చెఱసాలగుటయు వింత గాదు. నా సందేహము స్థలమును గూర్చి కాదు, కాలమును గూర్చి. కంచెర్ల గోపన్న అక్కన్న మాదన్నల మేనల్లుడనియు, వారి పలుకుబడిచే పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెననియు, సర్కారు ధనముతో భద్రాచలమున గుడి కట్టించి పండ్రెండేండ్లు చెఱలో నుండెననియు, శ్రీరాముడు బాకీ తీర్పగా తానాషాయే విడిపించెననియు కథ. అబుల్ హసన్ తానాషా రాజ్యమునకు వచ్చుట 1672. మాదన్న ప్రధానియగుట 1674 ప్రాంతము. అక్కన్న మాదన్నలు చంపబడుట 1686. ఔరంగజేబు రెండవసారి ముట్టడి మొదలిడుట 1687 జనవరి. కోట పడుట సెప్టెంబరు. మాదన్న ప్రధానియైన దినముననే గోపన్నకు ఉద్యోగ మిచ్చెననుకొందము. గుడి కట్టుటకు, లెక్క తగ్గుటకు, విచారణకు రెండుమూడేండ్లయినను పట్టును. ఆమీద పండ్రెండు చేర్చిన 1688 దాటును. అప్పటికి తానాషాయే దౌలతాబాదు కోటలో బందీ!

కావున రెండు మార్గములున్నవి. గోపన్న ఉద్యోగము అబ్దుల్లా కాలముననే, మాదన్న రెవిన్యూ కొలువున చిన్న పదవిలో నుండగా, దొరకియుండవలెను. లేదా పండ్రెండు అను సంఖ్య లెక్క గాక వాడుక యై యుండవలెను. పాండవుల వనవాసము మొదలు మన కథలలో దీర్ఘకాలమునకు పండ్రెండేండ్లే కొలత. నేను రెండవదానివైపు మొగ్గుదును. దీనిచే రామదాసు భక్తికి కొఱత రాదు. ఆతడు చెఱలో నుండెననుటకు ఆతని కీర్తనలే సాక్ష్యము. సీతమ్మకు, లక్ష్మణునకు, భరతునకు ఏయే నగ యెంత ఖర్చుతో చేయించెనో వరుసగా చెప్పి రాముని నిలవేయు కీర్తనను ప్రతి యింటను పాడుదురు. దానిని భక్తుని మొఱగా మాత్రమే వినుచున్నాము. వస్తువు, మూల్యము, ఎవరి నిమిత్తము అను క్రమమును చూడుడు: అది జమాఖర్చు చిట్టా. సర్కారునకు లెక్క యొప్పజెప్పలేని తహసీలుదారు ఆ లెక్కను దేవునకే యొప్పజెప్పుచున్నాడు. మాదన్న రెవిన్యూ శాఖను, కరణీకపు తెలుగును, ఆ కాలపు భయమును ఇంత దగ్గఱగా చూపు పత్రము తవారీఖులలో దొరకదు.

1687 ముట్టడి యెనిమిది మాసములు జరిగినది. ఫిరంగులకు లొంగని కోట ద్రోహమునకు లొంగినది. అబ్దుల్లాఖాను పనీ యనువాడు రాత్రివేళ చిన్న వాకిలి తెఱచి మొగలులను లోనికి విడిచెను. అబ్దుల్ రజాక్ లారీ యొక్కడు ఒడలెల్ల గాయములై పడునంతవఱకు పోరాడెను. తానాషా 1699లో దౌలతాబాదుననే మరణించెను. ఆ తరువాత గోలకొండ రాజధాని కాలేదు. పేరుమాత్రము తెలుగువారిని విడువలేదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన పత్రికకు 'గోలకొండ' యనియే పేరు పెట్టిరి. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపమునకు సమాధానముగా 1934లో వారు ప్రకటించిన 354 మంది కవుల పద్యసంపుటము 'గోలకొండ కవుల సంచిక'.

శిఖరముననున్న బారాదరి నెక్కి ఉత్తర వాయవ్య దిక్కుల చూచిన, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల యద్దాల మేడలు వరుసగా నిలిచి కనబడును. దుర్గమునకు పురాతత్త్వశాఖ రక్షణ కలదు; గోడరాయి పడినచో లేవనెత్తుటకు ఉద్యోగులున్నారు. నీరు వచ్చిన దారికి, ఆ దారిలోని యూళ్ల పేర్లకు అట్టి రక్షణ లేదు. కొండాపురము, ఖాజాగూడ, మణికొండ, పుప్పాలగూడ, కోకాపేట యను పేర్లు ఫలకములమీద నిలిచియున్నవి గాని, ఆ యూళ్లలోని కుంటలకు, గుండ్లకు, పొలములకు, కాలువలకు ఉండిన చిన్న పేర్లు మేడల పేర్ల క్రింద మునిగిపోవుచున్నవి. వానిని పలుకగల వృద్ధు లింకను కొందఱున్నారు. ఈ ప్రాంతపు పాఠశాలల పండితులు తమ విద్యార్థుల తాతలనడిగి ఆ పేర్లను, వెంట చెప్పిన కథలతో సహా, పలికినది పలికినట్లు వ్రాసి ఈ పత్రికకు పంపగోరుచున్నాను. రాయదుర్గమునకు ఆ పేరెట్లు వచ్చెనో చెప్పగల పాతదస్తావేజు ఎవరియొద్దనైన నున్నచో దాని ప్రతిని మొదట పంపవలెను.